చెయ్యి పట్టుకునే పద్యం

గొంతు గొప్పదైతే చేతులు చేసిన పని లెక్కలోకి రాదని వాదించిన ఊరు గుడివాడ. బందరులోనూ, అవనిగడ్డలోనూ అదే వాదన విన్నాను గనుక మా ఊరొక్కటే దోషి అనను. కానీ గుడివాడలో నేను హైస్కూలులో లెక్కలు చెబుతూ నాటక సమాజానికి కార్యదర్శిగా ఉండేవాణ్ణి. నేను బాధ్యత వహించిన ఊరి సంగతే రాయడం న్యాయం. సమాజం తీర్మానాలూ, ప్రతి ప్రదర్శన మీదా నేను రాసుకున్న అభిప్రాయాలూ ఇప్పటికీ నా బీరువాలో భద్రంగా ఉన్నాయి. జ్ఞాపకం తప్పుతుందన్న భయం నాకు లేదు. కోపం మాట పెంచుతుందేమోనన్న భయం ఉంది. అందుచేత వరసగా చెబుతాను.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. మా నాన్నగారు మొవ్వ దగ్గర ఒక పల్లెలో క్రైస్తవ సంఘానికి ఉపదేశి. ఆదివారం వాక్యం చెప్పడం, మిగతా రోజుల్లో పిల్లలకు అక్షరాలు దిద్దించడం ఆయన పని. నాటకమంటే ఆయనకు గిట్టదు. నేను పౌరాణిక నాటకాలకు అలవాటు పడ్డానని తెలిసి ఆయన ఒక్కమాటే అన్నారు. "వెళ్తే వెళ్ళావు గానీ, గుళ్ళో కీర్తన ఆ రాగంలో లాగకురా." నిజంగానే లాగేవాణ్ణి. దానికి కారకుడు బందరు నటుడొకాయన.

ఆయన రాజు వేషం కడితే గుడ్లవల్లేరు నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. పద్యం ఎత్తుకుంటే హార్మనీ ఆయన వెనక పరుగెత్తవలసిందే. చివరి అక్షరం మీద ఊపిరి నిలబెట్టి, ఇక తెగిపోతుందని జనం బిగుసుకుపోయిన క్షణంలో ఇంకో మెట్టు పైకి ఎక్కేవాడు. అలాంటి గొంతు నేను మళ్ళీ వినలేదు. ఈ మాట ఇప్పుడు రాయడం కూడా నాకు కష్టంగానే ఉంది. అయినా నిజం గనుక రాస్తున్నాను.

ఆయన పక్కన రాణి వేషం వేసేది ఆయన భార్యే. దివిసీమలో సముద్రపు ఒడ్డున, వేట మీద బతికే పల్లె ఆమెది. తల్లి ఎండుచేపల గంపతో మా ఊరి వీధుల్లో తిరుగుతూ ఉండేది. ఆ దంపతులను కాంట్రాక్టరు ఒకాయన ఊరూరా పంపేవాడు. కాంట్రాక్టు నాటకమంటే అదే. తలా ఒక ఊరి నటులను కుదిర్చి, అడిగిన ఊరికి అడిగిన రోజున దించుతాడు. రిహార్సలు ఉండదు. అందరికీ అన్ని పద్యాలూ కంఠస్థం.

వాళ్ళు ఎక్కువగా ఆడే నాటకంలో ఒక రంగం ఉండేది. రాజు రాణిని అనుమానించి, చెయ్యి పట్టి సభ మధ్యకు లాగుతాడు. లాగిన ఊపులోనే పద్యం అందుకుంటాడు. పద్యం ముగియగానే మగవాళ్ళ వైపు నుంచి "వన్స్‌మోర్" అని కేక. జనం అడిగాక మళ్ళీ పాడకపోతే నటుడికి మర్యాద కాదు. అయితే ఈ పద్యాన్ని ఉత్తినే పాడటానికి వీల్లేదు. రాగం ఆ లాగడంలోంచే పుట్టాలని ఆయన పట్టుదల. కేక పడగానే ఆమె చెయ్యి వదిలి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చి పట్టి లాగేవాడు. జనం మళ్ళీ అడిగితే మళ్ళీ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగేవి. మా కోశాధికారి, కాఫీ హోటలు యజమాని, పక్కవాళ్ళ భుజం తట్టి, "చూశారా, ఎంత సహజంగా ఏడుస్తోందో" అనేవాడు. జనం ఆ కన్నీళ్ళకు కూడా చప్పట్లు కొట్టేవారు.

ఒక శనివారం పొద్దున్న ఆమె తల్లి మా ఇంటి ముందు గంప దించింది. నేను వరండాలో పేపరు చూస్తున్నాను. నా భార్య గుమ్మంలో కూర్చుని మెత్తళ్ళు ఏరుతోంది.

"ఈ మధ్య కనపడలేదేమ్మా?"

"మా పిల్ల ఇంటికొచ్చేసిందమ్మగారూ. దాని చెయ్యి బాగవటంలా. కట్టు కట్టించుకుంటా తిరుగుతున్నా."

"నాటకంలో పడిందా?"

"నాటకంలోనూ, ఇంట్లోనూ. ఇంట్లో మెలిపెట్టిన చెయ్యే నాటకంలోనూ పట్టుకుంటాడు. ఇంట్లో ఒకసారి పెడితే, మీ ఊరోళ్ళు వన్స్‌మోరని మళ్ళీ మళ్ళీ పెట్టిస్తారు."

నేను పేపరు దించాను. "ఆయన అలాంటి మనిషి కాదే," అన్నాను.

"మీకు కాదండీ మాస్టారూ," అంది ఆమె, గంప సర్దుకుంటూ. "మీరు ఆయన పెళ్ళాం కాదుగా."

ఆమె వెళ్ళాక నా భార్య లోపలికి పోతూ, "రెండోవైపు కూడా వినాలంటారు, అంతేగా?" అంది. అన్నాను. లెక్కల మాస్టారిని, ఒక పక్క చూసి సమీకరణం విప్పలేను. "సరే, వినండి. ముందు ఆ పిల్ల దగ్గరికి పోదాం. నేనూ వస్తాను," అంది.

మరుసటి వారం సెలవురోజున బస్సులో, ఆపైన బండి మీద ఆ పల్లెకు వెళ్ళాం. ఇసుకలో పరిచిన చేపలకు కాకులు రాకుండా చూస్తూ ఆమె నీడన కూర్చుని ఉంది. మణికట్టుకు కట్టు. కిరీటమూ, రంగూ లేకపోతే ఎంత చిన్నపిల్లో అప్పుడు తెలిసింది. నా భార్య కట్టు ఎవరు కట్టారనీ, వేళ్ళు ఆడుతున్నాయా అనీ అడిగి, పక్కనే కూలబడింది. నేను నిలబడే అడిగాను, కేసు పెట్టదలిచావా అమ్మా అని.

"కేసెందుకండీ? నాకు వేషం కావాలి."

సంగతి ఇదీ. ఇక ఆయనతో కలిసి వెయ్యనని ఆమె కాంట్రాక్టరుకు కబురు పంపింది. వేరే రాజుతో ఎక్కడికి పిలిచినా వస్తానంది. దానికి ఆమె భర్త, ఆమెకు వేషమిచ్చిన ఊళ్ళో తాను అడుగుపెట్టనని అన్ని సమాజాలకూ చెప్పించాడు. ఆ తర్వాత ఆమెను పిలిచిన ఊరు లేదు.

"ఆయన పక్కన లేకపోతే నేను రాణిని కాదటండీ. ఎక్కడ విన్నా ఇదే మాట. మీ ఊళ్ళో ఒక్కసారి పెట్టించండి. బాగాలేదనుకోండి, మా అమ్మతో గంపెత్తుతాను. అందులో నాకు చిన్నతనం లేదు. వినకుండానే పంపించేస్తే మాత్రం ఊరుకోలేను."

"ఆయన నిజంగా..." అని నేను మొదలుపెట్టాను.

"ఆయన బాగా పాడడని నేనెప్పుడన్నా అన్నానాండీ? అంత బాగా ఎవరూ పాడరు. నేను పక్కన నిలబడి విన్నదాన్ని. పద్యం పద్యమే, చెయ్యి చెయ్యే. రెండూ నేనే గదా చూసింది."

తిరుగు దారిలో నా భార్య ఆ కట్టు గురించే మాట్లాడింది. ఆమె అభిప్రాయం స్థిరపడిందని నాకు అర్థమైంది.

ఆ పై ఆదివారం గుళ్ళో ఆరాధన అయ్యాక నేనొక్కణ్ణే బందరు వెళ్ళాను. ఆయన ఎదురొచ్చి చేతులు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. కాఫీ తనే కలిపి ఇచ్చాడు. నా ఆరోగ్యం అడిగాడు, స్కూలు అడిగాడు, కిందటిసారి నేను ఏ పద్యానికి తల ఊపానో కూడా గుర్తుపెట్టుకుని చెప్పాడు. కాఫీ పూర్తయ్యాక, ఆమెను కొట్టిన మాట నిజమేనా అని అడిగాను. కాదంటాడని నా ఆశ. కాదంటే నమ్మడానికి సిద్ధపడే వెళ్ళాను.

"కొట్టానండీ. దాచేదేముంది?" అన్నాడు. "ఇంటావిడ మాట వినకపోతే ఏం చేస్తాం మాస్టారూ, పద్యం పాడతామా?"

నవ్వాడు. నేనూ నవ్వుతానని చూశాడు. నేను నవ్వకపోయేసరికి నొచ్చుకున్నట్టు కనిపించి, "మీరు మరీ సున్నితం. ఇది వినండి," అంటూ కొత్తగా వరస కట్టుకుంటున్న పద్యం ఒకటి సగం గొంతుతో పాడాడు. లేచి రావలసినవాణ్ణి చివరిదాకా విన్నాను. గుడివాడ బస్సులో ఆ పద్యం నా చెవుల్లోంచి పోలేదు. పక్కనున్న పెద్దమనిషి, "ఏమిటండీ, తమలో తామే విసుక్కుంటున్నారు?" అని అడిగాడు. రాగం నచ్చిందండీ, పాడినవాడు నచ్చలేదండీ అని బస్సులో ఎవరికి చెప్పగలం? దుమ్ము అన్నాను.

సమాజం సమావేశం అధ్యక్షుడి రైసుమిల్లు ఆఫీసులో జరిగింది. సాలుకు ఒకసారి మేము పెట్టే పెద్ద నాటకం దగ్గరపడింది. ఆయనో, ఆమో, ఎవరో ఒకరు. ఇద్దరూ కుదరరు. నేను విన్నది విన్నట్టు చదివి వినిపించాను.

హోటలు యజమాని ముందే తయారై వచ్చాడు. "మొగుడూ పెళ్ళాల గొడవ మనకెందుకండీ? మనం టిక్కెట్టు కొనేది గొంతుకి. కాపురానికి కాదు."

"కాపురం మన హాల్లోకే తెచ్చాడయ్యా. మన ఎదురుగానే చెయ్యి విరిచాడు."

"అది నటన అనుకున్నాం."

"ఇప్పుడు కాదని తెలిసిందిగా?"

"తెలిసినా గొంతు అదేగా, మాస్టారూ."

నాకు కోపం వచ్చింది. "మీ హోటల్లో సర్వరు గ్లాసులు బాగా కడుగుతాడని, గిరాకీని కొడితే ఊరుకుంటారా?"

"ఊరుకోను. గ్లాసులు కడిగేవాడు మళ్ళీ దొరుకుతాడు. ఆ గొంతు దొరకదు."

ఇంతకన్నా నిజాయితీగా ఆ వాదన ఎవరూ చెప్పలేరు. ఇంతకన్నా అన్యాయంగానూ చెప్పలేరు. మళ్ళీ దొరికేవాడికి ఒక న్యాయం, దొరకనివాడికి ఒక న్యాయం. నేను లేచి నిలబడి చాలా మాటలన్నాను. అవి తీర్మానాల్లో ఎక్కించలేదు. ఎక్కించదగినవి కావు.

అధ్యక్షుడు తక్కువ మాట్లాడే మనిషి. అంతా విని, "ఇంతకీ ఆ అమ్మాయి పాడగలదా?" అని అడిగాడు.

ఎవరికీ తెలియలేదు. రాజు పద్యం వెంటనే రాణి జవాబు పద్యం ఉంటుంది. వన్స్‌మోర్లు అయిపోగానే మగవాళ్ళంతా సోడాకీ, బీడీకీ లేచేవారు. అది ఆనవాయితీ. రాణి పద్యం మధ్యలో విరామం కింద లెక్క. ఇన్నేళ్ళుగా ఆమె పాడుతూనే ఉంది. మా హాల్లో సగంమంది ఆ పద్యం ఒక్కసారైనా వినలేదు.

"విననివాళ్ళం పనికిరాదని ఎలా అంటాం?" అన్నాడు అధ్యక్షుడు. "పెడదాం. పోతే ఒక నాటకం పోతుంది."

మొవ్వ నుంచి భజన పద్యాలు పాడే ఒకాయనను రాజుగా కుదర్చాలని తీర్మానించాం. హోటలు యజమాని తన అసమ్మతిని రాయమన్నాడు. ఒక్క అక్షరం తగ్గించకుండా రాశాను. ప్రత్యర్థి మాటను కుదించి రాయడం నా దృష్టిలో దొంగతనం.

కాంట్రాక్టరు మాత్రం బేరం మనిషి. "మీ ఊళ్ళో ఆవిడకి ఒక్క వన్స్‌మోర్ రానివ్వండి. తోట్లవల్లూరు నాటకం ఇచ్చేస్తాను. ఆ పై ఊళ్ళకు కూడా నా పూచీ. రాకపోతే ఇక ఆవిడ పేరు నా దగ్గర ఎత్తకండి," అన్నాడు. రాణికి వన్స్‌మోర్ కొట్టిన ఊరు ఈ చుట్టుపక్కల లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

నాటకం సాయంత్రం మొదలైంది. హాలు సగమే నిండింది. ముందు వరసలో హోటలు యజమాని తన మిత్రులతో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎడమ పక్కన తడిక అవతల ఆడవాళ్ళు. అందులో నా భార్య, పక్కనే ఆ తల్లి. ఆవేళ గంప మా పెరట్లో పెట్టి వచ్చింది. కాంట్రాక్టరు రంగస్థలం పక్కన స్టూలు వేసుకున్నాడు. నేను తెర దగ్గర నిలబడ్డాను. సమాజం సభ్యులు వన్స్‌మోర్ అనకూడదని మా నియమం. మేమే పిలిచి, మేమే మెచ్చుకున్నామన్న మాట రాకుండా పెట్టుకున్నది. ఆ నియమం ప్రతిపాదించింది నేనే. ఆవేళ దాన్ని ఎందుకు ప్రతిపాదించానా అనిపించింది.

ఆ రంగం వచ్చింది. మొవ్వ రాజు మర్యాదస్థుడు. రాణికి రెండడుగుల దూరంలో ఆగి, గాలిలో చెయ్యి చాచి పద్యం ఎత్తుకున్నాడు.

"పట్టుకో బావా, కరవదులే," అన్నారు ముందు వరసలోంచి. అందరూ నవ్వారు. ఆయన కంగారుపడి ఒక పాదం మింగేశాడు. పద్యం ముగిసింది. కేక లేదు. ఎవరో దగ్గారు.

ముందు వరస సోడాకి లేచింది.

ఆమె మొదలుపెట్టలేదు. రంగస్థలం మధ్యలో నిలబడి, లేచినవాళ్ళ వంక చూస్తూ ఊరుకుంది. హార్మనీ ఆయన శ్రుతి పట్టుకుని ఉండిపోయాడు. పోనివ్వడానికి ఆగిందో, కూర్చోబెట్టడానికి ఆగిందో తెలియక వాళ్ళు నిలబడిపోయారు. వెనకనుంచి ఎవరో, "కూచోండయ్యా, కనపట్టంలా," అన్నాడు. ఒకరొకరుగా కూర్చున్నారు. అప్పుడు పాడింది.

ఆమె గొంతు పైకి పోయే గొంతు కాదు. కింది స్థాయిలో, మాట మాటా విడిగా, ఎదుటి మనిషికి చెబుతున్నట్టు పాడింది. నన్ను అనుమానించిన నోటితోనే న్యాయం చెబుతావా అని ఆ పద్యం భావం. రాగం సాగదీయలేదు. చివరి పాదాన్ని పాడడం మానేసి, ప్రశ్నలా సూటిగా అడిగింది. హార్మనీ ఒక్కటే కాసేపు మిగిలి, అదీ ఆగిపోయింది.

హాలు కదల్లేదు. బాగుందని ప్రతి మొహం మీదా కనిపిస్తోంది. కానీ రాణికి వన్స్‌మోర్ అనే అలవాటు ఎవరికీ లేదు. మగవాళ్ళు ముందు వరస వైపు చూశారు. ముందు వరస హోటలు యజమాని వైపు చూసింది. ఆయన పైకప్పు వైపు చూశాడు. కాంట్రాక్టరు స్టూలు మీంచి లేవబోయాడు.

తడిక అవతలనుంచి కేక వచ్చింది.

"వన్సుమోరూ..."

ఆడవాళ్ళ వైపునుంచి కేక రావడం ఆ హాలు పుట్టాక అదే మొదలు. పైగా అది మామూలు కేక కాదు. వీధి ఈ చివర అంటే ఆ చివర వంటింట్లో వినపడే కేక. మెత్తళ్ళమ్మే వరసలోనే వచ్చింది. ఆ వరస గుడివాడలో తెలియనివాళ్ళు లేరు గనుక హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వు ఆగకముందే ఇంకో గొంతు, గుళ్ళో కీర్తనకు కింది స్వరం పట్టే గొంతు, నిదానంగా, స్పష్టంగా "వన్స్‌మోర్" అంది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఆవిడ సమాజం సభ్యురాలు కాదు గనుక నియమోల్లంఘన జరగలేదు. ఆ తర్వాత తడిక అవతల అంతా ఒకటే గోల. వెనక బెంచీల మగవాళ్ళు అందుకున్నారు.

ఆమె మళ్ళీ పాడింది. ఎవరూ ఆమె చెయ్యి ముట్టుకోలేదు. రెండోసారి ఇంకా బాగా పాడింది.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. బందరు నటుడికి ఏమీ నష్టం జరగలేదు. ఇతర ఊళ్ళు ఆయనను పిలుస్తూనే ఉన్నాయి, చెయ్యి పట్టుకునే పద్యానికి వన్స్‌మోర్లు పడుతూనే ఉన్నాయి. పక్కన ఇంకో రాణి. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు కోపం తగ్గలేదు, తగ్గాలని కోరుకోవడమూ లేదు. ఆయన నాటకానికి నేను మళ్ళీ వెళ్ళలేదు. వినాలని అనిపించలేదంటే మాత్రం అబద్ధం. గొప్ప గొంతు మంచి మనిషికే దక్కుతుందని ఎవరూ మనకు మాట ఇవ్వలేదు. మనమే అలా అనుకుని, కాదని తెలిసినప్పుడు ఆ నమ్మకాన్ని కాపాడుకోవడానికి ఒక ఆడమనిషి చేతిని బలిపెడతాం. అది చెయ్యకూడదు. నేను తేల్చుకున్నది ఇంతే. పద్యం గుర్తొచ్చినప్పుడు గుర్తు రానిస్తాను. టిక్కెట్టు మాత్రం కొనను.

ఆ సాయంత్రం మాత్రం నా జీవితంలో సంతృప్తిగా గడిచిన సాయంత్రాల్లో ఒకటి. నాటకం ముగిశాక హోటలు యజమాని నా దగ్గరికి వచ్చాడు.

"గొంతు ఉంది మాస్టారూ. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచింది?"

"దాచలేదు. మీరు సోడాకి వెళ్ళినప్పుడల్లా పాడింది."

ఆయన తల ఊపి, "రాజు పద్యం మాత్రం పల్చబడిందండీ," అన్నాడు. కాదనలేదు. పల్చబడిన మాట నిజమే.

లోపల ఆమె కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటోంది. నా భార్య వెనక నిలబడి సవరం విప్పుతోంది. కాంట్రాక్టరు గుమ్మం దగ్గర నిలబడి, ఇచ్చిన మాట తప్పడానికి దారి వెతుక్కుని, దొరక్క, "తోట్లవల్లూరు శుక్రవారం," అన్నాడు. "రాజు ఎవరైనా ఫర్లేదుగా అమ్మా?"

"ఎవరైనా ఫర్లేదండీ. దూరంగా నిలబడి పాడగలిగితే చాలు."

"నేనూ వస్తా," అంది తల్లి.

"శుక్రవారం నీకు సంత గదే?"

"సంతెక్కడికీ పోదు. తడికవతల నేను లేకపోతే అరిచేదెవరు?"

"అక్కడి ఆడవాళ్ళకి నోళ్ళు లేవా అమ్మా?" అంది ఆమె, అద్దంలోంచి తల్లిని చూస్తూ.

"ఉంటాయి. మొదలెట్టేవాళ్ళుండాలి," అంది తల్లి. ఆ మాట తేల్చేసి, రంగుగుడ్డలు మూట కట్టడం మొదలుపెట్టింది.